సుగుణకుమారి చల్లిన యూరియా

పరదేశంలో మేముండే వెర్రిబీ ఊరి తెలుగు చర్చిలో సుగుణకుమారి పేరు చెప్తే ముందు ఆమె కారే గుర్తొస్తుంది ఎవరికైనా. ఆదివారం మధ్యాహ్నం ఆరాధనకి బయల్దేరితే ఆ కారులో సీటు ఖాళీగా ఉండదు. నన్ను మా గుమ్మంలో ఎక్కించుకుంటుంది. యూనివర్సిటీలో చేరడానికి కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా బస్‌స్టాపులో నిలబడి ఉంటే వాళ్ళనీ ఎక్కించుకుంటుంది. ఒళ్ళో బిరియానీ గిన్నె పెట్టుకుని కూర్చోవాల్సిన వంతు ఎవరిదో ఒకరిది తప్పదు.

కారు నడపడం ఆమెకి నేర్పింది పక్కింటి సాల్ గారు.

సుగుణది పాలకొల్లు దగ్గర ఒక చిన్న ఊరు. భర్త జార్జి వెల్డింగ్ పని మీద ఈ దేశం వచ్చి, కళ్ళు మండుతున్నాయని ఆ పని మానేసి, ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు. సుగుణ వృద్ధాశ్రమం వంటింట్లో పని చేస్తుంది. పళ్ళు లేని పెద్దవాళ్ళకి కూరలు మెత్తగా నలిపి పెట్టడం, ఎవరికి ఉప్పు తగ్గించాలో ఎవరికి పంచదార మానిపించాలో చూసుకోవడం ఆమె పని. వాళ్ళమ్మాయి జెన్సీ ఇక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెప్తుంది.

వాళ్ళు ఆ ఇంట్లో దిగిన కొత్తలో సుగుణకి ఇంగ్లీషు రెండు ముక్కలు కూడా సరిగా వచ్చేవి కావు. చెత్తడబ్బా ఏ రోజు బయట పెట్టాలో తెలిసేది కాదు. తెల్లారి లేచి చూస్తే డబ్బా రోడ్డు అంచున ఉండేది, సాయంత్రం పని నుంచి వచ్చేసరికి మళ్ళీ లోపల ఉండేది. ఎవరు పెడుతున్నారో తెలుసుకోవడానికే ఆమెకి చాలా వారాలు పట్టింది. తర్వాత ఒకరోజు గోడమీద నుంచి సంచీడు నిమ్మకాయలు వచ్చాయి. ఆ తర్వాత, డ్రైవింగ్ పరీక్ష తప్పి ఆమె గేటు దగ్గర ఏడుస్తుంటే, సాల్ గారు తన పాత కారు తాళం తెచ్చి చేతిలో పెట్టారు. వెర్రిబీ సౌత్‌లో కాలీఫ్లవర్ తోటల మధ్య ఖాళీ రోడ్లు ఉన్నాయి. ఆయన వయసులో ఉండగా కాలీఫ్లవర్ పండించింది అక్కడే. ఆ రోడ్ల మీద పక్కన కూర్చుని, మాట అర్థం కాదేమోనని, ఎటు తిప్పాలో చెయ్యి ఊపి చూపించేవారట.

ఆయన పూర్తిపేరు సాల్వటోర్. చిన్నప్పుడు ఇటలీ నుంచి తల్లిదండ్రులతో వచ్చారు. భార్య పోయి కొన్నేళ్ళయింది. సుగుణని ‘సూగూ’ అంటారు. సుగుణ ఆయన్ని ఎదురుగా ‘అంకుల్’ అంటుంది, వెనకాల ‘సాల్ గారు’ అంటుంది.

ఆయన ఇంటి ముందు చిన్న లాన్ ఉంది. కుక్కల్ని తిప్పుకునే వాళ్ళు అక్కడికి వచ్చేసరికి ఒక నిమిషం ఆగుతారు. అంచులు కత్తెరతో కత్తిరించినట్టు ఉంటాయి. ఒక్క కలుపు మొక్క కనపడదు. సుగుణ వాళ్ళ వైపు గోంగూర, కుండీలో కరివేపాకు, పాకిన దోసపాదు. ఆయన వైపు తివాచీ.

ఈ ఏడాది మార్చిలో సాల్ గారికి తుంటి ఆపరేషన్ పడింది. కొత్త తుంటి వేశాక కొన్నాళ్ళు నడక నేర్పే ఆస్పత్రిలో ఉండాలన్నారు. అప్పుడే కొడుకు మార్కోకీ ఆయనకీ లాన్ గురించి మాటా మాటా వచ్చింది. మార్కో ఊరికి అవతలి చివర ఉంటాడు, ఆఫీసు పని. మంచివాడే. వారానికోసారి వచ్చి తండ్రి ఫ్రిజ్‌లో సామాన్లు సర్దిపోతాడు. అతను అనేది ఏమిటంటే, ఈ వయసులో గడ్డి కొయ్యడం, నీళ్ళు పెట్టడం ఎందుకు? ప్లాస్టిక్ గడ్డి పరిచేస్తే పీడా పోతుంది కదా అని.

“నేను పోయాక పరుచుకో,” అన్నారు సాల్ గారు. “అప్పటిదాకా పక్కింటి సూగూ చూసుకుంటుంది.”

“సరే నాన్నా. నువ్వు ఇంటికొచ్చేసరికి బతికుంటే ఉంచుదాం. ఎండిపోతే మాత్రం ప్లాస్టిక్ గడ్డి పరిచే మనిషిని పిలుస్తాను. మళ్ళీ గొడవ చెయ్యకూడదు.”

“ఒప్పుకున్నా.”

ఈ మాటలన్నీ గోడ ఇవతల దోసకాయలు కోస్తున్న సుగుణ చెవిన పడ్డాయి. గడ్డి మీద పందెం తన పేరున కాశారు కదా అనుకుంది ఆమె.

ఆస్పత్రికి వెళ్ళేముందు సాల్ గారు ఆమెని షెడ్డులోకి తీసుకెళ్ళి ఒక సంచీ, చక్రాల మీద తోసుకుంటూ ఎరువు చల్లే డబ్బా చూపించారు. ఇక్కడ ఋతువులు మన ఊళ్ళకి తలకిందులు; వేసవి దిగి చలి రాబోయే ఈ నెలల్లోనే లాన్‌కి ఎరువు వేస్తారు. ఇది గడ్డి ఎత్తు పెరగడానికి కాదనీ, నేలలో వేడి ఉండగానే వేళ్ళు బలం పట్టి చలికాలం తట్టుకోవడానికనీ, కొంచెం చాలనీ, ఒకసారి నిలువుగా ఒకసారి అడ్డంగా తోసి బాగా నీళ్ళు పెట్టాలనీ ఆయన చెప్పారు. సుగుణ తల ఊపింది గానీ ఆమె ధ్యాసంతా ఆయన కర్ర పట్టుకుని ఒంగిన తీరు మీదే ఉంది. ఆ నొప్పితో ఎరువు సంగతి చెప్తున్నాడే మనిషి అని ఆమెకి జాలి.

ఆయన వెళ్ళాక సంచీ విప్పి చూసింది. ఆవాలంత గింజలు.

“ఏవండీ, ఇదేం ఎరువండీ? వాసనే లేదు,” అంది జార్జితో.

“వాసనతో నీకేం పని? ఇచ్చింది వేసెయ్.”

“ఎరువంటే ముక్కుకి తెలియొద్దూ? ఈ చిటికెడు గింజలతో చేను నల్లబడుతుందేంటి?”

“అది చేను కాదే బాబూ, లాను.”

“ఏదైనా పచ్చనిదేగా. వాళ్ళబ్బాయి వచ్చి చూసేసరికి నల్లగా నిగనిగలాడుతూ ఉండాలి. మళ్ళీ ప్లాస్టిక్ మాట ఎత్తకూడదు.”

మన గోదావరి వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, వరిచేను పచ్చగా ఉంటే చాలదు. పచ్చదనం ముదిరి నల్లబడాలి. అలా నల్లబడాలంటే యూరియా పడాలి. సుగుణ నాన్న ఊళ్ళో అందరి చేలకీ యూరియా చల్లేవాడు. ఆయన చేతి నుంచి పడ్డ ఎరువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండేది కాదని పేరు. సుగుణ తట్ట మోస్తూ ఆయన వెంట బురదలో నడిచిన పిల్ల. ఆ పని తనకి వచ్చునని ఆమెకి గట్టి నమ్మకం.

తోట ఎరువులు కూడా దొరికే హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి యూరియా తెచ్చింది. ఊళ్ళో చేసినట్టే తడిమట్టిలో కలిపి, బట్టల టబ్బులో పోసి, పాత దుప్పటి కప్పి రాత్రంతా ఉంచింది. తెల్లారి లేచి చూస్తే లాన్ అంతా మంచుకి తడిసి ఉంది. యూరియా తడి చేలోనే చల్లాలి, నీళ్ళు పెట్టే పని లేకుండా దేవుడే మంచు కురిపించాడు అనుకుంది. చేలోకి చెప్పులతో దిగకూడదు కనుక చెప్పులు గట్టున, అంటే ఫుట్‌పాత్ మీద, విడిచింది. చిన్న ప్రార్థన చేసుకుంది. టబ్బు చంకన పెట్టుకుని, నాన్న లాగే అర్ధచంద్రంగా చెయ్యి విసురుతూ లాన్ అంతా చల్లి, ఉద్యోగానికి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఉత్తరపు వేడిగాలి. ఇక్కడ మార్చిలో కూడా అప్పుడప్పుడు అలా కొలిమి తెరిచినట్టు వీస్తుంది.

వరిచేలో అయితే యూరియా నీళ్ళలో కరిగి బురదలోకి దిగిపోతుంది. ఇక్కడ కిందకి దించడానికి నీళ్ళు లేవు. మంచుతడికి ఆకుకే అంటుకుంది. పైన ఎండ, గాలి. ఎరువు వేళ్ళకి చేరకుండానే ఆకుని కాల్చేసింది. అదీగాక, చేతి అలవాటు కొద్దీ, ఒక మడికి సరిపడా యూరియా ఆ గుప్పెడు జాగాలో పడింది.

మొదట పసుపు తిరిగింది. తర్వాత గోధుమరంగు. మామూలుగా అంతటా ఎండితే, పోనీ, ఎండకి ఎండిందనుకోవచ్చు. ఇదలా కాదు. ఆమె నిలబడ్డ ప్రతిచోటి నుంచి, చెయ్యి విసిరిన మేరకి, విసనకర్ర విప్పినట్టు మాడిపోయింది. ఆ వీధిలో నడిచే వాళ్ళందరికీ సుగుణ చెయ్యి కనపడుతోంది.

“మమ్, ఇట్స్ ఆల్ ఫ్యాన్స్,” అంది జెన్సీ కిటికీలోంచి చూసి. “యూ కెన్ సీ వేర్ యూ స్టుడ్.”

“నువ్వు ఊరుకోవే.”

“మీ నాన్న చెయ్యి వచ్చింది నీకు, అందులో మాత్రం అనుమానం లేదు,” అన్నాడు జార్జి. ఆమె మొహం చూసి ఆ రోజు గిన్నెలు అతనే కడిగాడు.

తెల్లకుక్కని తిప్పుకునే ఒక పెద్దావిడ రోజూ ఆ దారినే వెళ్తుంది. ఆవిడ ఆగి, లాన్ చూసి, సుగుణని చూసి, ‘అయ్యో తల్లీ’ అన్నట్టు “ఓ లవ్,” అని మాత్రం అని భుజం తట్టి వెళ్ళిపోయింది.

శనివారం మార్కో వచ్చాడు. కారు దిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. సుగుణ గోడ దగ్గరికి వెళ్ళింది.

“మీ తప్పేం లేదు,” అన్నాడు అతనే. “ఆ వేడిగాలి. నేను ముందే చెప్పాను నాన్నకి, ఈ రోజుల్లో లాన్ ఎవరూ కాపాడలేరని. మీరు చాలా చేశారు. థాంక్యూ.”

తిట్టినా బాగుండేదంటుంది సుగుణ. ఆ థాంక్యూ ఆమెకి మింగుడు పడలేదు. కొలతలు తీసుకునే మనిషిని ఈస్టర్ అయ్యాక రమ్మంటానని చెప్పి, చూడమని ఒక చదరం ముక్క ప్లాస్టిక్ గడ్డి ఆమె చేతిలో పెట్టి మార్కో వెళ్ళిపోయాడు. దాన్ని ఏం చెయ్యాలో తెలియక గుమ్మం ముందు పెట్టింది. మర్నాడు జార్జి డ్యూటీ నుంచి వచ్చి దానిమీద బూట్లు తుడుచుకున్నాడు.

“బాగానే పనికొస్తోందే,” అన్నాడు. సుగుణ నవ్వలేదు.

గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో ఆరాధన పొడుగ్గా ఉంటుంది. ఆ రోజు కన్నీళ్ళు పెట్టుకునే వాళ్ళు చాలామందే ఉంటారు గనుక సుగుణ ఏడుస్తుంటే ఎవరూ పట్టించుకోలేదు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మాత్రం, మిగతావాళ్ళని దింపేశాక, నాతో చెప్పింది.

“వాళ్ళబ్బాయి ఎండకి పోయిందనుకుంటున్నాడు ఆంటీ. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు.”

“జార్జి ఏమంటాడు?”

“ఆపరేషన్ అయిన మనిషికి ఇప్పుడెందుకు చెప్పడం అంటున్నారు. ప్లాస్టిక్ వేసేస్తే ఆ మచ్చలూ ఉండవు, ఎవరికీ తెలియదు అంటున్నారు. ఆయన మంచికే అంటున్నారు, నా మీద బెంగతో. కానీ ఆంటీ, చెప్పకపోతే వేసేస్తారు. చెప్పినా వేసేస్తారు. ఎలాగైనా సాల్ గారి లాను పోతుంది.”

“అయితే చెప్పాకే పోనియ్యమ్మా,” అన్నాను. “ఆయన నిన్ను నమ్మి అప్పజెప్పాడు. నీ నోటితో వింటే ఆయనకి లాన్ ఒక్కటే పోతుంది.”

ఆమె కారు మా గుమ్మం ముందు ఆపింది. తర్వాత, “మీరు కూడా రండి,” అంది.

మర్నాడు ముగ్గురం ఆస్పత్రికి వెళ్ళాం. బస్సు డ్యూటీకి సెలవు పెట్టి జార్జి కూడా వచ్చాడు. సాల్ గారు కిటికీ దగ్గర కుర్చీలో, బూడిదరంగు ప్యాంటు వేసుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూడగానే అక్కడి కాఫీ గురించి చెప్పడం మొదలుపెట్టారు. దానికంటే వెర్రిబీ నది నీళ్ళు తాగడం మేలట. సుగుణ తెచ్చిన ఫ్లాస్కు బల్లమీద పెట్టింది, కూర్చోలేదు.

“అంకుల్, మీ లాన్ కాలిపోయింది. నేనే కాల్చాను,” అంది. మిగతాదంతా వచ్చిన ఇంగ్లీషులో, రాని చోట చెయ్యి విసిరి చూపిస్తూ, మంచు, తడిమట్టి, టబ్బు, యూరియా అన్నీ చెప్పింది. ఆయన ఇచ్చిన సంచీ విప్పి మళ్ళీ కట్టేశానని కూడా చెప్పింది. చెప్పాక, “మీ అబ్బాయి పందెం గెలిచాడు,” అంది.

సాల్ గారు కిటికీ బయటికి చూశారు. ఆ ముసలాయన మొహంలో బాధ నాకు కనపడింది, కనపడలేదని చెప్పను. సుగుణ చేతులు కట్టుకుని బడిలో పిల్లలా నిలబడింది.

“నీళ్ళు పెట్టావా?” అన్నారు ఇటు తిరిగి.

“లేదు.”

“తర్వాతైనా?”

“ఇంకా ఏదైనా పాడవుతుందేమోనని ముట్టుకోలేదు అంకుల్.”

“పీకి చూశావా?”

సుగుణకి అర్థం కాలేదు. ఆయన ఒళ్ళో ఉన్న దుప్పటి అంచు పట్టుకుని గట్టిగా లాగి చూపించారు. “గడ్డి. పట్టుకుని లాగు. చేతిలోకి ఊడొస్తే చచ్చినట్టు. ఊడిరాకుండా నీతో కొట్లాడితే బతికున్నట్టు.”

“చూడలేదు.”

“అయితే ఇక్కడేం చేస్తున్నావు? వెళ్ళు. వెళ్ళి లాగి నాకు ఫోన్ చెయ్యి. ఊడొచ్చిందనుకో, మార్కో ఇష్టం. నేను మాట ఇచ్చాను, నోరెత్తను.” మేము తలుపు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచారు. “సూగూ. మీ నాన్న ఎంత పొలానికి చల్లేవాడు?”

సుగుణ చెప్పింది. ఊరు ఊరంతా అని.

“నా లాన్ ఎంతుంటుందో చూశావా?” అని ఆయన నవ్వబోయి, తుంటి నొప్పెట్టి ఆగిపోయారు.

దారంతా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన అని నాకు తెలుసు. కారు ఆపగానే తలుపు వెయ్యకుండానే దిగి, లాన్ మధ్యకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. అన్నిటికన్నా నల్లగా మాడిన చోట గుప్పెట నిండా పట్టుకుంది. లాగడానికి మాత్రం చెయ్యి రాలేదు.

“లాగు,” అన్నాడు జార్జి.

“మీరు లాగండి.”

“నీ చేత్తో చేశావు, నీ చేత్తోనే చూడు.”

లాగింది. పైన మాడిన ఆకులు పొడిపొడిగా చేతిలోకి వచ్చాయి. కింద తీగ రాలేదు. మళ్ళీ లాగింది. నేల పట్టుకుని వదలలేదు. అప్పుడామె ఒంగి, మాడిన ఆకులు వేళ్ళతో పక్కకి తప్పించి, లోపలికి చూసింది. తీగ నేలమీద పాకి ఉంది. కణుపు కణుపుకీ వేళ్ళు దిగి ఉన్నాయి. ఒక కణుపు దగ్గర తెల్లగా, సూది మొనంత మొలక.

ఆమె అలాగే ఉండిపోయింది. ఏమైందోనని నేను దగ్గరికి వెళ్ళాను.

“ఏవండీ,” అంది మెల్లగా. “ఇది గరికండీ.”

“ఏంటి?”

“గరిక. మన గట్ల మీద గరిక. కణుపులు చూడండి. పొట్టిగా కోసి కోసి తివాచీలా చేస్తే ఇన్నేళ్ళూ పోల్చుకోలేదు.”

జార్జి కూడా కూర్చున్నాడు. చూశాడు. “అవునే,” అన్నాడు. “అయితే సాల్ గారు ఇన్నేళ్ళ నుంచీ నీళ్ళు పోసి, ఎరువేసి, గరిక పెంచుతున్నారా?”

“మా అమ్మ బతుకంతా దీన్ని పీకడంతోనే సరిపోయింది,” అంది సుగుణ. “పీకి గట్టున పడేస్తే ఎండలో వారం రోజులు పడుండి, ఒక్క చినుకు పడితే అక్కడే మళ్ళీ వేళ్ళు దిగేది. మంట పెట్టినా వచ్చేది. గరికని చంపేవాడు ఇంకా పుట్టలేదనేది అమ్మ.” చెప్తూ చెప్తూ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఏడుపులోకి తిరిగింది, మళ్ళీ నవ్వులోకి వచ్చింది. ఎన్ని రోజుల బరువో ఆ మనిషి మీద నుంచి జారిపోవడం నేను కళ్ళారా చూశాను. జార్జి ఆమె వీపు నిమురుతూ, తనూ నవ్వుతూ, కళ్ళు తుడుచుకున్నాడు.

ఫోన్ చేస్తే సాల్ గారు మొదటి మోతకే ఎత్తారు. “కొట్లాడిందా?”

“కొట్లాడింది అంకుల్.”

“అయితే నీళ్ళు. చాలా నీళ్ళు. ఆ యూరియా అంతా కిందకి దిగిపోవాలి.”

ఆమె ఆగలేదు. అదే ఊపులో మార్కోకి కూడా ఫోన్ చేసి, గాలి కాదు, నేనే యూరియా వేసి కాల్చానని చెప్పేసింది.

“ఏం వేశారన్నారు?” అన్నాడు మార్కో.

ఆమె మళ్ళీ చెప్పింది.

“నాన్నకి తెలుసా?”

“చెప్పాను.”

“కోప్పడలేదా?”

“పీకి చూశావా అన్నారు.”

మార్కో ఊపిరి వదిలాడు. “ఏం చెప్పినా ఆయన అదే అడుగుతాడు,” అన్నాడు. కొలతల మనిషికి మాత్రం మాట ఇచ్చేశాననీ, వచ్చి చూస్తాడనీ చెప్పాడు. ఆ గొంతులో కోపం లేదంది సుగుణ.

ఆ సాయంత్రం నుంచి పైపు తిరుగుతూనే ఉంది. నీళ్ళ పొదుపు కోసం సాయంత్రం ఆరు దాటితే గానీ ఇక్కడ స్ప్రింక్లర్ పెట్టకూడదు కనుక పగలు పైపు చేత్తో పట్టుకునే నిలబడాలి. ఒకసారి సుగుణ, ఒకసారి జార్జి, ఒకసారి ఫోన్ చూసుకుంటూ జెన్సీ. తెల్లకుక్క పెద్దావిడ వాళ్ళింట్లో ఊరికే పడి ఉన్న స్ప్రింక్లర్ తెచ్చి గుమ్మంలో పెట్టి, బెల్లు కూడా కొట్టకుండా వెళ్ళిపోయింది. ఈస్టర్ నాడు సుగుణ చర్చికి వచ్చినప్పుడు చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. ఆ రోజు ఆమె పాడిన గొంతు నేను అంతకుముందు వినలేదు.

కొలతల మనిషి పండగ అయ్యాక వచ్చాడు. మార్కో కూడా వచ్చాడు. సుగుణ గోడ ఇవతల నిలబడింది. ఆ మనిషి టేపు పరిచి, ఒక మూల కొలిచి, ఇంకో మూలకి వెళ్తూ ఆగి, కూర్చుని బూటు ముందున్న మాడిన గడ్డి తప్పించాడు. అందులో పచ్చటి మొనలు, వరిమడిలో నారు తొంగి చూసినట్టు.

“ఇది బతికే ఉందండీ,” అన్నాడు మార్కోతో. “నేను పరచమంటే పరుస్తాను. కానీ ముందు దీన్ని మందు కొట్టి చంపాలి. ఒకసారి కొడితే చావదు, మళ్ళీ మళ్ళీ కొట్టాలి. లేకపోతే నా ప్లాస్టిక్‌ని పొడుచుకుని పైకొస్తుంది. ఈ రకం అంతే.”

మార్కో గడ్డి వంక చూశాడు. గోడ మీద నుంచి చూస్తున్న సుగుణని చూశాడు. తనూ ఒంగి, ఒక గుప్పెడు పట్టుకుని లాగాడు. రాలేదు.

“బతికుంటే ఉంచుదామన్నాను నాన్నతో,” అన్నాడు. “ఇప్పుడు నేనే మందు కొట్టి చంపితే బాగుండదు. ఆయన వచ్చేదాకా ఆగుదాం. తర్వాత ఫోన్ చేస్తాను.”

ఆ మనిషి టేపు చుట్టేసుకున్నాడు. పోతూ పోతూ సుగుణతో, “నీళ్ళు ఆపకండి,” అన్నాడు. తన బేరం పోతున్నా ఆ మాట చెప్పి వెళ్ళిన మనిషిని నేను ఇప్పటికీ తలుచుకుంటాను.

ఈ ఏడాది చలి ఆలస్యంగా వచ్చింది. దేవుడి దయ అనే అంటాను. ఎండలు మెత్తగా, నేల గోరువెచ్చగా ఉండి, ఏప్రిల్ నెల గడిచేలోగా గరిక పిలకలు వేసింది. యూరియా పల్చగా పడ్డ అంచుల్లో అయితే సుగుణ అనుకున్నట్టే నల్లగా నిగనిగలాడింది. ఒత్తుగా పడ్డ చోట మధ్యలో లేత ఆకుపచ్చ. దూరం నుంచి చూస్తే విసనకర్రలు ఇంకా ఉన్నాయి. రంగు మాత్రం మారింది.

ఏప్రిల్ చివర్లో ఇక్కడ యుద్ధవీరుల్ని తలుచుకునే ఆన్జాక్ డే దాటాక సాల్ గారు ఇంటికి వచ్చారు. మార్కో కారు తలుపు తీసి, నడక చట్రం ముందు పెట్టాడు. ఆయన ఇంట్లోకి వెళ్ళలేదు. ఫుట్‌పాత్ మీదే నిలబడి లాన్ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. సుగుణ గిన్నెడు పెసర పునుగులు పట్టుకుని, మూత తియ్యడం కూడా మర్చిపోయి, ఆయన మొహమే చూస్తోంది.

“మంచి చెయ్యి,” అన్నారాయన. “అంతా సమానంగా కాల్చింది.”

జార్జి ముందు నవ్వాడు. తర్వాత అందరం.

గడ్డి పెరిగిపోయింది గనుక ఒకసారి కొయ్యాలన్నారు. ఆయన కొయ్యకూడదు, డాక్టర్లు వద్దన్నారు. మార్కో షెడ్డులోంచి మిషన్ తీశాడు. ఎన్నాళ్ళయిందో అతను దాన్ని ముట్టుకుని. తాడు లాగితే దగ్గింది, ఆగింది. జార్జి వెళ్ళి ఇంకోసారి లాగితే అంటుకుంది. సాల్ గారికి వరండాలో కుర్చీ వేశారు. అక్కడి నుంచి ఆయన చెయ్యి ఊపి చూపించడం మొదలుపెట్టారు.

“ఎత్తు పెట్టు. ఎత్తు. గుండు గీస్తావా ఏంటి? చలికాలం వస్తోంది.”

“ఎత్తే పెట్టాను నాన్నా.”

“ఇంకా ఎత్తు.”

“యువర్ డాడ్ ఈజ్ లైక్ మై డాడ్,” అంది జెన్సీ మార్కోతో. జార్జి విననట్టు ఊరుకున్నాడు.

సగం కోశాక మార్కో జేబులో ఫోన్ మోగింది. మిషన్ ఆపి, చెమట తుడుచుకుని, చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల మాట్లాడేది ఆ కొలతల మనిషేనని మాకు వెంటనే తెలిసింది. సుగుణ చేతిలో గిన్నెతో కదలకుండా నిలబడింది.

“లేదండీ, వద్దు,” అన్నాడు మార్కో. “ఇంకెప్పుడూ వద్దు. మా నాన్న గడ్డి బతికింది.” కొంచెం ఆగి, “అవును, దాన్నే కోస్తున్నాను. నేనే,” అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ తాడు లాగాడు. ఈసారి మొదటి లాగుడుకే అంటుకుంది. సుగుణ వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. సాల్ గారు కుర్చీలోంచి ఒంగలేక చెయ్యి చాపారు.

“సూగూ, ఆ గిన్నెలో ఏముందో చూపిస్తావా, వాసన చూసే బతకమంటావా?”

ఆమె మూత తీసింది.